మాస్టారి చెవి, పిల్ల చెయ్యి

విజయదశమికి పిల్లను సంగీతంలో కూర్చోబెట్టాలని ఇంట్లో అనుకోగానే ఈ రోజుల్లో ముందు జరిగే పని ఫోనులో వయొలిన్ వెతకడం. పెట్టె, కమాను, రోజిన్ బిళ్ల, అదనంగా ఒక జత తీగలు, అన్నీ కలిపి నాలుగైదు వేలకే గుమ్మం ముందుకు వచ్చేస్తుంది. ఎర్రగా మెరుస్తూ చూడముచ్చటగా ఉంటుంది. దాన్ని మాస్టారి దగ్గరికి మోసుకెళ్తే ఆయన రెండు బిరడలు తిప్పి, కమాను ఒక్కసారి లాగి, పక్కన పెట్టి, "కొనే ముందు ఒక్క మాట అడగాల్సిందమ్మా" అంటారు. చిలకలూరిపేటలోనే కాదు, సంగీతం చెప్పే ప్రతి ఊళ్లోనూ వినపడే మాటే ఇది. అమ్మ ముఖం చిన్నబోతుంది. పిల్ల మాత్రం ఆ ఎర్ర వయొలిన్ వదలదు.

మిరపకాయలు, పత్తి పండించి బతికే ప్రాంతం మనది. మచ్చు చూడకుండా బస్తా కొనే వ్యాపారి గుంటూరు యార్డులో ఒక్కడూ ఉండడు. పిల్లకు పదేళ్లు తోడుండే వాద్యం దగ్గరికి వచ్చేసరికి మాత్రం బొమ్మ చూసి కొంటున్నాం.

పిల్లల చేతికి మొదట ఇచ్చేది నాసిరకం వాద్యమైనా పర్వాలేదు, చేయి తిరిగాక మంచిది కొందాం అన్న లెక్క చాలా ఇళ్లలో వినిపిస్తుంది. సైకిలు విషయంలో చెల్లుతుందేమో కాని తంత్రీవాద్యం విషయంలో ఇది తలకిందుల లెక్క. చేయి తిరిగినవాడు నాసిరకం వయొలిన్ మీద కూడా ఎక్కడ నొక్కాలో వెతుక్కుని స్వరం పలికించగలడు. కొత్తగా కూర్చున్న పిల్లకు ఆ చెవి ఇంకా తయారు కాలేదు. వయొలిన్ మీద మెట్లుండవు, స్వరస్థానం చూపించే గుర్తూ ఉండదు. రోజూ వినే ధ్వనే ఆ చెవిని తయారు చేస్తుంది. తీగ సరిగా పలకకపోతే తప్పు తన వేలిదో తీగదో పిల్లకు తెలియదు, తన వేలిదే అనుకుంటుంది. ఆరు నెలలకు "నాకు రాదు నాన్నా" అని మానేస్తుంది. పిల్లకు ఆసక్తి లేదని పెద్దలు తీర్మానిస్తారు. నిజానికి చాలాసార్లు లోపం ఆ పెట్టెలోనే ఉంటుంది.

ఈ ప్రాంతానికి సంగీతం కొత్తేమీ కాదు. పేటకు దగ్గర్లోని కొండవీటిని ఏలిన పెదకోమటి వేమారెడ్డి పేరు మీద 'సంగీత చింతామణి' అనే లక్షణ గ్రంథం ఉంది. ఇక చిలకలూరిపేట పేరు సంగీత చరిత్రలో నిలిచింది నాదస్వరంతో. ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా, తండ్రి కాసిం సాహెబు దగ్గర తొలి పాఠాలు నేర్చుకుని, ఆ తర్వాత చిలకలూరిపేటకు చెందిన షేక్ ఆదం సాహెబు దగ్గర శిష్యరికం చేశారు. తరవాత తంజావూరు వైపు వెళ్లి నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకన్ను సోదరుల దగ్గర అక్కడి బాణీ కూడా పట్టారు. చివరికి శ్రీరంగంలో స్థిరపడి, సంగీత కళానిధి అయ్యారు. నాదస్వరం తంత్రీవాద్యం కాదు, నిజమే. అయినా గురువు చెవిలో పడి నెగ్గిన వాద్యమే శిష్యుడి చేతికి రావాలన్న పద్ధతికి ఈ ఊళ్లో వేరే ఉపోద్ఘాతం అక్కర్లేదు.

తీగ వాద్యాల్లో ఈ విషయానికి మన కళ్లముందున్న ఉదాహరణ పాలకొల్లు నుంచి వచ్చింది. ఉప్పలపు శ్రీనివాస్ 1969లో అక్కడ పుట్టాడు. తండ్రి సత్యనారాయణ మాండలిన్ వాయించేవారు. ఆరేళ్ల పిల్లవాడు తండ్రి మాండలిన్ తీసి తనంతట తాను మీటడం మొదలుపెట్టాడు. తండ్రి అది చూసి, తన వాద్యాన్నే వాడుకోనివ్వకుండా, పిల్లవాడి కోసం వేరే కొత్త మాండలిన్ కొన్నారు. ఆ తర్వాత తన గురువు రుద్రరాజు సుబ్బరాజు దగ్గర పెట్టారు. సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు, గాయకులు. మాండలిన్ ఆయనకు రాదు. ఆయన పాడతారు, పిల్లవాడు విని తీగ మీద వాయిస్తాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో ఆ పిల్లవాడి తొలి కచేరీ జరిగింది. తరవాతి కథ లోకానికి తెలిసిందే.

ఈ కథలో జనం సాధారణంగా మెచ్చుకునేది పిల్లవాడి ప్రతిభను. నాకు ఇంకో రెండు విషయాలు ముఖ్యమనిపిస్తాయి. ఒకటి, ఆరేళ్ల చేతికి మాండలిన్ సరిపోయే కొలత. మెడ పొట్టిది, మెట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. అదే వయసులో నిండు వీణ ముందు కూర్చోబెట్టి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. రెండు, గురువుకు ఆ వాద్యం వాయించడం రాకపోయినా పాఠం సాగింది, ఎందుకంటే ఆయన చెవి సరైనది. అంటే మాస్టారి సాయం అంటే కొట్టుకు తోడు రావడం ఒక్కటే కాదు. పిల్ల చేతికి ఏ కొలత పడుతుంది, గొంతు ఏ శృతిలో నిలుస్తుంది, ఎంత సేపు కూర్చోగలదు అన్నవి చూసి చెప్పడం కూడా ఆ సాయంలో భాగమే. అందుకే అనుభవమున్న చాలామంది మాస్టార్లు ముందు కొన్ని నెలలు సరళి, జంట వరుసలు గొంతుతోనే పాడిస్తారు. తీగ తరవాత వస్తుంది. ఆలస్యం చేస్తున్నారని తల్లిదండ్రులు విసుక్కుంటారు కాని ఆ నెలల్లోనే మాస్టారు పిల్లను చదువుతుంటారు.

వయొలిన్ సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే మన ఊళ్లలో ఎక్కువమంది అడిగేది అదే. బాలుస్వామి దీక్షితార్ పందొమ్మిదో శతాబ్ది తొలి నాళ్లలో మద్రాసులో తెల్లవారి దగ్గర నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చిన ఈ వాద్యాన్ని తెలుగునాట ఇంటి వాద్యం చేసినవారిలో ముందు చెప్పాల్సింది ద్వారం వెంకటస్వామి నాయుడి పేరు. అన్న వెంకటకృష్ణయ్య ఆయనకు తొలి గురువు. విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల 1919లో ఆదిభట్ల నారాయణదాసు ప్రిన్సిపాలుగా మొదలైనప్పుడు నాయుడుగారు అక్కడ వయొలిన్ ఆచార్యులయ్యారు. 1936లో ఆయనే ప్రిన్సిపాలయ్యారు. ఇటు కృష్ణా తీరంలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు శిష్యుడు అన్నవరపు రామస్వామి విజయవాడ ఆకాశవాణిలో దశాబ్దాలు వాయించి, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. గుంటూరు, పల్నాడు ప్రాంతాల్లో నేడు వయొలిన్ చెప్పే మాస్టార్లలో చాలామంది పాఠం ఏదో ఒక మలుపులో ఈ ఇద్దరి బాణీలను తాకే ఉంటుంది.

వయొలిన్‌కు కొలతలుంటాయి. నిండు కొలత వయొలిన్ డొల్ల పొడవు సుమారు 356 మిల్లీమీటర్లు. ముప్పావు కొలతది సుమారు 335, అర కొలతది సుమారు 310. వాటికి కింద పావు, ఇంకా చిన్నవీ ఉన్నాయి. అర కొలత అంటే నిండు వయొలిన్‌లో సగం ఉంటుందని కొందరు అనుకుంటారు, అది పేరు మాత్రమే. పాశ్చాత్యులు నిలబడి గడ్డం కింద పెట్టుకుంటారు కాబట్టి చెయ్యి చాచి కొలుస్తారు. మనం కింద కూర్చుని వయొలిన్ తల భాగాన్ని కుడి పాదం మీద ఆనిస్తాం. బరువు పాదం మోస్తుంది, ఎడమ చెయ్యి తేలిగ్గా జారుతుంది. కాబట్టి పాశ్చాత్య పట్టిక చూసి వయసు లెక్కన కొనడం మనకు సరిపడదు. పిల్లను కూర్చోబెట్టి, వయొలిన్ పెట్టి, ఎడమ మోచెయ్యి ఎక్కడికి వస్తుందో, వేళ్లు తీగ మీద నిటారుగా పడుతున్నాయో లేదో చూడాలి. మాస్టారు ఇంటి దగ్గర ఉన్న రెండు మూడు కొలతలు పెట్టి చూస్తారు. ఇది ఫోనులో చెయ్యగలిగిన పని కాదు.

మన పాఠం తీరుకు సంబంధించిన ఇంకో చిక్కు ఉంది. మన తొలి పాఠాలన్నీ మాయామాళవగౌళలో. శుద్ధ రిషభం షడ్జమానికి ఆనుకుని ఉంటుంది, అంతర గాంధారం దూరంగా జరిగి ఉంటుంది. నిండు వయొలిన్ తీగ పొడవు సుమారు 328 మిల్లీమీటర్లు అనుకుంటే, రిషభం దగ్గరి వేలికీ గాంధారం దగ్గరి వేలికీ మధ్య దాదాపు ఐదు సెంటీమీటర్ల ఎడం వస్తుంది. ఎనిమిదేళ్ల పిల్ల వేళ్లు అంత సాగాలంటే మణికట్టు వంకరవుతుంది. అర కొలత మీద ఆ ఎడం నాలుగు సెంటీమీటర్లకు కాస్త పైన ఉంటుంది. ఒక్క సెంటీమీటరే కదా అనిపిస్తుంది కాని ఆ వయసు వేళ్లకు అది చాలా. "రెండేళ్లలో పెరిగిపోతుంది, ఇప్పుడే నిండుది కొనేద్దాం" అనే నాన్నకు మాస్టారు ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే.

శృతి కూడా కొలతతో ముడిపడి ఉంది. మనం వయొలిన్ తీగలను మంద్ర సా, మంద్ర పా, మధ్య సా, మధ్య పా అని కడతాం. చిన్న వయొలిన్‌ను మగగొంతుకు సరిపడే ఒకటి, ఒకటిన్నర శృతికి దించితే తీగ వదులై ధ్వని మూగబోతుంది. అదే వయొలిన్ ఐదు, ఐదున్నర శృతిలో బిగువుగా పలుకుతుంది. అదృష్టవశాత్తూ చిన్న పిల్లల గొంతులు కూడా ఆ చుట్టుపక్కలే ఉంటాయి. పిల్ల గొంతు వినకుండా వయొలిన్ ఎంచితే ఈ పొంతన కుదరదు.

కొట్టులో వయొలిన్ చూసేటప్పుడు మాస్టారి చూపు మెరుగు మీద నిలవదు. ముందు బిరడలు తిప్పుతారు. అవి గరగర లేకుండా తిరిగి, వదిలిన చోట నిలవాలి. రోజూ శృతి జారే వయొలిన్‌తో పిల్ల సగం పాఠం బిరడలతోనే గడుపుతుంది. తరవాత ఫింగర్‌బోర్డు. మంచిదానికి ఎబొనీ లాంటి గట్టి కర్ర వేస్తారు. చవకవాటిలో మెత్తటి కర్రకు నల్ల రంగు పూస్తారు. మన సంగీతంలో జారులు, గమకాలు ఎక్కువ, వేలు ఒక చోట నిలవదు, వేళ్లకు కొబ్బరినూనె రాసుకుని వాయించేవారూ ఉన్నారు. రంగు పూసిన కర్ర మీద ఏడాదిలో గాళ్లు పడతాయి. చూపుడు వేలి గోరుతో పక్క అంచు మెల్లగా గీకి చూసే మాస్టార్లున్నారు. కొట్టువాళ్లకు అది నచ్చదు, అయినా చూడాల్సిందే.

తరవాత బ్రిడ్జి. దాని రెండు పాదాలూ పై పలకకు సందు లేకుండా అతుక్కుని ఉండాలి. పై పలక స్ప్రూస్ కర్రది, వెనుక పలక మేపుల్‌ది. ఈ రెంటి మధ్య లోపల సౌండ్ పోస్టు అనే చిన్న గుండ్రటి పుల్ల నిలబడి ఉంటుంది. జిగురు లేదు, మేకు లేదు, ఒత్తిడితోనే నిలబడుతుంది. పక్క చీలికలోంచి చూస్తే కనపడుతుంది. అది సన్న తీగ వైపు బ్రిడ్జి పాదానికి కాస్త వెనగ్గా, నిటారుగా ఉండాలి. వాలి ఉన్నా, పడిపోయి డొల్లలో దొర్లుతున్నా ఎంత ఖరీదైన వయొలిన్ అయినా డబ్బాలా మోగుతుంది. పార్సిలులో వచ్చే వయొలిన్లలో చాలాసార్లు బ్రిడ్జి విడిగా, పడుకోబెట్టి వస్తుంది. దాన్ని నిలబెట్టి, మలిచి, తీగల ఎత్తు సరిచేసే పని తెలిసిన చేతిదే. ఎత్తు ఎక్కువైతే లేత వేలి కొనలు కోసుకుపోతాయి, తక్కువైతే తీగ ఫింగర్‌బోర్డుకు తగిలి జుర్రుమంటుంది. కొన్న ధరకు ఇంకో వెయ్యో రెండువేలో చేర్చి ఈ పని చేయించడం, మంచి తీగలు వేయించడం, మెరుగు ఎక్కువున్న ఖరీదైన వయొలిన్ కొనడం కన్నా లాభం.

చివరి పరీక్ష చాలా సులువు. ఒకే వేలితో పక్కపక్క రెండు తీగలనూ ఒకే చోట అడ్డంగా నొక్కి కమాను లాగుతారు. ఖాళీ తీగలు సా, పా సరిగ్గా కలిసి ఉంటే ఏ చోట నొక్కినా ఆ పొత్తు చెదరకూడదు. పైకి పోయేకొద్దీ చెదిరితే తీగ నాణ్యమైనది కాదు, లేదా ఫింగర్‌బోర్డు వంకర. ఈ పరీక్ష చేసేటప్పుడు పిల్లను పక్కన నిలబెట్టుకుని వినిపించే మాస్టారు దొరికితే ఆ ఇంటివాళ్లు అదృష్టవంతులు. కొట్టులోనే తొలి పాఠం అయిపోతుంది.

వీణ మాట వేరు. తీగ పొడవు వయొలిన్‌కు రెట్టింపు కన్నా ఎక్కువ. 24 మెట్లు, వాయించే తీగలు నాలుగు, తాళం కోసం పక్కన మూడు. ఈ 24 మెట్ల రూపం పదిహేడో శతాబ్దిలో తంజావూరును ఏలిన తెలుగు కవి రాజు రఘునాథ నాయకుడి కాలంలో స్థిరపడిందని చెబుతారు. మన దగ్గర వీణకు పేరున్న ఊళ్లు రెండు. ఒకటి బొబ్బిలి, ఆ పక్క గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలు పనస మానుతో వీణలు చెక్కుతాయి. 2012లో బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. రెండోది మనకు దగ్గరిది, నూజివీడు. మామిడి తోటలకే కాదు, తరాలుగా వీణ చేస్తున్న ముస్లిం కుటుంబానికి కూడా ఆ ఊరు పేరు. పేట నుంచి విజయవాడ దాటి కాస్త పోతే చాలు. బొబ్బిలికి మాత్రం విశాఖ కూడా దాటి పోవాలి.

ఒక హెచ్చరిక. బొబ్బిలిలో సన్మానాల కోసం చేసే జానెడు, మూరెడు వీణలు ఉంటాయి. పెళ్లిళ్లలో, సభల్లో బహుమతిగా ఇస్తారు. చూడ్డానికి అచ్చు వీణే. అవి గూట్లో పెట్టుకునే బొమ్మలు. ఆరేళ్ల పిల్లకు సరిపోతుందని కొన్నవాళ్లున్నారు. పిల్లల కోసం కాస్త చిన్న కొలత వీణ కావాలంటే పనివాడికి చెప్పి, మాస్టారి కొలతలిచ్చి చేయించుకోవాలి.

మంచి వీణకు పనస కర్రే ఎందుకంటే అది తేలిక, గట్టిది, చాలాకాలం ఎండితే నాదాన్ని మింగకుండా వదులుతుంది. కుండ, దండి, యాళి తల అన్నీ ఒకే మానులోంచి తొలిస్తే ఏకాండ వీణ. మూడు ముక్కలు అతికితే అతుకు వీణ. ఏకాండ వీణ ఖరీదు ఎక్కువ, పేరు కూడా ఎక్కువ. కొత్త పిల్లకు అతుకు వీణే చాలని నా అభిప్రాయం, అతుకు గట్టిగా ఉంటే. కుండ, దండి కలిసే చోట బొటనవేలితో తడిమి చూడండి. సన్నని పగులు కనిపించినా వదిలేయండి. మంచి అతుకు వీణను పక్కన పెట్టి, సరిగా ఎండని కర్రతో చేసిన ఏకాండ వీణ కొన్నవాళ్లు రెండేళ్లలో దండి వంగిపోయి ఏడవడం తెలిసిన మాస్టార్లందరికీ అనుభవమే. ఒకప్పుడు అలంకారానికి దంతం పొదిగేవారు, ఇప్పుడు ప్లాస్టిక్ పొదుగుతున్నారు. దానివల్ల నాదం పెరగదు, ధర మాత్రం పెరుగుతుంది.

వీణ నాణ్యత దాని మేళంలో ఉంటుంది. దండి మీద రెండు వైపులా తేనె మైనంలో బొగ్గుపొడి కలిపి నల్లగా గట్టు కడతారు. దాని మీద కంచు, ఇత్తడి మెట్లు ఒక్కొక్కటిగా చెవితో విని నిలబెడతారు. దీన్నే మేళం కట్టడం అంటారు. పనివాడు ఒక్కో మెట్టునూ కాస్త ముందుకూ వెనక్కూ జరుపుతూ, తీగ మీటుతూ, మైనం వేడి చేస్తూ కూర్చుంటాడు. ఇది గంటల తరబడి పని. మేళం సరిగా ఉందో లేదో మాస్టారు చూసే పద్ధతి ఇది. మొదటి తీగ సారణిని ఖాళీగా మీటి, తర్వాత పన్నెండో మెట్టు మీద మీటుతారు. అది తారషడ్జం కావాలి, వెంట్రుక వాసి కూడా తేడా రాకూడదు. ఏడో మెట్టు పంచమం కావాలి. ఆ తర్వాత ప్రతి మెట్టు మీదా తీగను పక్కకు లాగి గమకం తీస్తారు. ఒకే మెట్టు మీద రెండు మూడు స్వరాల దాకా లాగినా తీగ పక్క మెట్టుకు తగిలి చిటపటలాడకూడదు. ఆంధ్ర బాణీలో మీటు జోరుగా, గట్టిగా పడుతుంది. ఈమని శంకరశాస్త్రి, ఆయన శిష్యుడు చిట్టిబాబు వాయిద్యం విన్నవారికి ఆ మీటు సంగతి చెప్పక్కర్లేదు. మెట్లు ఎగుడుదిగుడుగా ఉన్న వీణ అటువంటి మీటును తట్టుకోదు.

వీణ బ్రిడ్జి, అంటే గుర్రం మీద ఇత్తడి రేకు ఉంటుంది. తీగ దాని మీద నుంచి పోతుంది. ఆ రేకుకు చాలా సన్నని వంపు ఉంటుంది. ఆ వంపే వీణ గొంతు. అరగదీసి, తీగ మీటి, మళ్లీ అరగదీసి పనివాడు ఆ నాదాన్ని పట్టుకుంటాడు. ఒకసారి మీటి వదిలితే ఎంతసేపు మోగుతుందో వినండి. మోగుతూ మోగుతూ సన్నగా ఆగాలి, ఠక్కున తెగిపోకూడదు. ఇక పిల్ల చెయ్యి సంగతికొస్తే, వీణలో వేళ్లు చాచి పట్టుకునే పని లేదు. చూపుడు వేలు, నడిమి వేలు కలిసి మెట్ల మీద జారుతాయి. అయితే చెయ్యి మొదటి మెట్టు దాకా పోవాలి, అక్కడ తీగను లాగే బలం ఉండాలి. అందుకే చాలామంది మాస్టార్లు ఏడెనిమిదేళ్ల ముందు వీణ వద్దంటారు. ఒక పిల్ల పొడుగ్గా ఉంటే ఆరేళ్లకే కూర్చోబెట్టినవారూ ఉన్నారు. ఇక్కడ నియమం కన్నా మాస్టారి కన్నే నమ్మదగినది.

మన పల్నాడులో వీణకైనా వయొలిన్‌కైనా అసలు శత్రువు ఎండ. రెంటచింతల పేరు ప్రతి వేసవిలో వార్తల్లో వస్తుంది. మే నెలలో మధ్యాహ్నం కారులో వీణ వదిలితే మేళం మైనం మెత్తబడి మెట్లు పక్కకు జారతాయి. కట్టించిన మేళం మొత్తం వృథా. వయొలిన్‌లో పలకలు జంతువుల జిగురుతో అతికిస్తారు. ఆ జిగురు వేడికి వదిలేస్తుంది, సందులు విచ్చుకుంటాయి. అలా వదలడానికే ఆ జిగురు వాడతారు. అతుకు విచ్చుకుంటే మళ్లీ అంటించవచ్చు, కర్ర పగిలితే బాగు చేయడం కష్టం. కాబట్టి విచ్చుకున్న వయొలిన్‌ను ఇంట్లో ఫెవికాల్‌తో అంటించకండి. తరవాత బాగు చేయాల్సిన పనివాడు తల పట్టుకుంటాడు. మంచి వీణ కొనడానికి అనువైన నెలలు ఎండలు తగ్గాకే. పనివాడు కొత్త మైనంతో కట్టిన మేళం వేసవికి ముందే కుదురుకుంటుంది.

పాత వాద్యం కొనాలా కొత్తదా? నాణ్యంగా ఉంటే పాతదే మేలు, మాస్టారు చూశాక. కొన్ని ఇళ్లలో తాతగారి వయొలిన్ అటక మీద ఉంటుంది. లోపల కాగితం మీద ఆంటోనియస్ స్ట్రాడివారియస్ అనీ 17 వందల్లో ఏదో సంవత్సరం అనీ రాసి ఉంటుంది. ఇల్లంతా సంబరపడుతుంది. స్ట్రాడివారి 1737లో చనిపోయాడు. ఆ పేరుతో చీటీలు అంటించిన వయొలిన్లు తరవాతి కాలంలో జర్మనీలో, ఇతర దేశాల్లో పెద్ద ఎత్తున తయారయ్యాయి, మన ఇళ్లకు వచ్చినవి ఎక్కువగా అవే. బాధపడాల్సిన పని లేదు. వాటిలో చాలా గట్టి వాద్యాలున్నాయి. చీటీ చింపెయ్యకండి, వాద్యాన్ని మాత్రం మాస్టారి చెవికి అప్పగించండి. కమాను వెంట్రుకలు మార్పించి, బిరడలు సరిచేయిస్తే కొత్త దానికన్నా బాగా పలకవచ్చు.

మాస్టారి సాయం అన్నచోట ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. కొన్ని కొట్లు విద్యార్థుల్ని పంపిన మాస్టార్లకు కమీషను ఇస్తాయి. అది లోకంలో ఉన్నదే, అందులో పాపం లేదు, తన సమయం ఖర్చు పెట్టి విజయవాడ దాకా వచ్చే మాస్టారికి ప్రతిఫలం ఉండాలి. కాని ఆ డబ్బు కొట్టు నుంచి కాకుండా తల్లిదండ్రుల నుంచి వస్తేనే ఆయన చెవి స్వేచ్ఛగా ఉంటుంది. ప్రయాణం ఖర్చు, ఆ రోజు పాఠాల ఫీజు మీరే ఇవ్వండి, "మాస్టారూ, మీకు నచ్చకపోతే ఖాళీ చేతులతో తిరిగి వచ్చేద్దాం" అని ముందే చెప్పండి. ఆయనకూ మీకూ ఇద్దరికీ హాయి. కొట్టులో అడగాల్సిన మాట ఇంకొకటి ఉంది. వారం రోజులు మాస్టారి దగ్గర వాయించి చూసి, బాగోకపోతే వెనక్కి తీసుకుంటారా? తీసుకోం అంటే ఇంకో కొట్టుకు పోవచ్చు. నమ్మకమైన కొట్టువాళ్లు తీసుకుంటామని రాసి ఇస్తారు.

చివరగా అర కొలత వయొలిన్ల గురించి ఒక విన్నపం. వాటి జీవితం ఒక పిల్ల దగ్గర రెండు మూడేళ్లే. ఆ తర్వాత చాలా ఇళ్లలో అవి బీరువా పైకి చేరి, తీగలు తుప్పు పట్టి, ఎండకు సందులు విచ్చుకుని పాడవుతాయి. అదే వయొలిన్ మాస్టారి దగ్గర ఉంటే తరవాత వచ్చే పిల్లకు, ఆ తరవాతి పిల్లకు పోతుంది. వాళ్ల నాన్నలకు నాలుగైదు వేలు పెట్టి చవకది కొనే అవసరం రాదు. మీ ఇంట్లో వాడకుండా ఉన్న చిన్న వయొలిన్ ఉంటే, పిల్ల పెద్దదై నిండు కొలతకు మారిన వెంటనే, మీ మాస్టారికి ఇచ్చేయండి.